తవుడు తాగిన బండి

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు జ్ఞాపకాలు రాయాలని, కుర్రాళ్లు వాటిని చదివి బాగుపడాలని ఒక ఆచారం ఉంది. నేను విరమణ చేసేనాటికి నాకు ఇరవై ఏడేళ్లు. శాలువా కప్పలేదు, గోడగడియారం ఇవ్వలేదు. సొంత తువ్వాలు కూడా అక్కడే మర్చిపోయి వచ్చాను. అయినా అనుభవం అనుభవమే. పాత బండి కొనుక్కుని రిపేర్లు మనమే చేసుకుంటే పోలా అనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది పనికొస్తుంది. చదివాక కూడా కొంటామంటే మీ ఇష్టం, నా పూచీ లేదు.

హైవేని నాలుగు వరసలు చేస్తామని ఎక్కడికక్కడ తవ్వి వదిలేసిన రోజులవి. గుండుగొలను దగ్గర ఒక చేపపిల్లల హేచరీలో నేను సూపర్‌వైజర్ని. నా కింద ఎవరున్నారయ్యా అంటే చేపపిల్లలున్నాయి. అవీ నా మాట వినేవి కావు. పొద్దున్నే వాటిని నీళ్లతో సహా ప్లాస్టిక్ సంచుల్లో పోసి, సిలిండరుతో ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి, కొల్లేటికోట చుట్టుపక్కల చెరువులకు చేర్చడం మా వ్యాపారం. చేర్చడానికి ఒక బండి ఉండేది.

అది స్టేషన్ వేగన్. మీలో చాలామంది చూసి ఉండరు. మామూలు కారు డిక్కీ దగ్గర ఆగిపోతుంది, ఇది ఆగకుండా ఇంకాస్త దూరం వెళుతుంది. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకు దిగుతాడేమో అనిపించేది. వెనక నుంచి చూస్తే రోగిని దింపుతారేమో అనిపించేది. లోపలికి తొంగిచూస్తే చేపల మార్కెట్టు. జంగారెడ్డిగూడెంలో ఎవరో పొగాకు వ్యాపారి షోకుగా తిరిగి, మోజు తీరాక మా అమ్మగారికి అంటగట్టాడు.

అమ్మగారంటే మా అమ్మ కాదు, హేచరీ యజమానురాలు. చెరువు గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసి, లోపల చేప ఏమనుకుంటోందో చెప్పగల మనిషి. ఆ విద్య కార్లకు కూడా పనికొస్తుందని ఆవిడ నమ్మకం.

"మెకానిక్కు చెయ్యి పడిందంటే బండి మన మాట వినదురా అబ్బాయ్. ఇంటి జబ్బు ఇంట్లోనే నయం చేసుకోవాలి," అనేవారు.

దాంతో బండికి జరిగేదంతా చెరువు వైద్యమే. ఇంజను దగ్గితే, "గాలి అందట్లేదు. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది చూడు, అదే ఇది" అనేవారు. అసలు సంగతి తలకిందులు. డీజిల్ పైపులోకి గాలి దూరితే ఇంజను దగ్గుతుంది. అంటే గాలి తక్కువై వచ్చిన జబ్బు కాదు, ఎక్కువై వచ్చింది. ఆ మాట చెప్పి, ఆక్సిజన్ సిలిండరును బండి దరిదాపులకు రాకుండా ఆపగలిగాను. సూపర్‌వైజరుగా నా ఘనకార్యం ఏదైనా ఉంటే అదే.

మిగతా జబ్బులకు మందులు మేమే కనిపెట్టాం. వెనక తలుపును పైకెత్తి నిలబెట్టే గ్యాసు కడ్డీలు ఎప్పుడో ప్రాణం విడిచాయి. కాబట్టి తలుపెత్తి వెదురు గెడ ఆనించేవాళ్లం. గెడ జారితే తలుపు నేరుగా నడినెత్తికి వచ్చేది. ఎవరి తల మీద బొప్పి ఉందో చూస్తే ఆ పూట లోడు ఎవరు ఎత్తారో తెలిసిపోయేది. చెరువునీళ్లు కారికారి అడుగు రేకు తుప్పుపట్టిన చోట నూనెడబ్బా రేకు కోసి అతికించాం. సంచుల బరువుకు వెనక భాగం కుంగి, ముందు లైట్లు రోడ్డును వదిలేసి ఆకాశంలో కొంగల్ని చూపించేవి. స్టీరింగు మీది హారను మూగబోతే, ఇంటి గుమ్మానికి పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్చిని డాష్‌బోర్డుకు బిగించాం. పల్లెటూరి రోడ్డు మీద గేదెల మందకు కాలింగ్ బెల్లు కొడుతూ వెళ్లడంలో ఒక మర్యాద ఉంది.

బండి నడిపేది బాబాయి. నాకు చుట్టం కాదు, వయసును బట్టి బాబాయి. భీమడోలు వైపు ఒక చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆయనే. స్టీరింగు ముందు కూర్చోగానే తాళం సగం తిప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. చేరిన కొత్తలో ఆ భక్తికి ముచ్చటపడి నేనూ పక్కన తల వంచాను.

ఆయన ఒక కన్ను తెరిచాడు. "నువ్వెందుకురా తల దించేవు?"

"ప్రార్థన గదా బాబాయ్."

"డీజిలింజనురా. హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా తాళం పూర్తిగా తిప్పకూడదు. ఊరికే కూర్చునే బదులు ఓ మాట చెప్పుకుంటే, పైనున్నాయనకీ కాలక్షేపం, నాకూ కాలక్షేపం."

ప్లగ్గులు అన్నీ బాగున్న రోజుల్లో అది చిన్న ప్రార్థనేనట. ఒకటి పోయాక కుటుంబ సభ్యులు చేరారు. ఇంకోటి పోయాక సంఘస్థులు చేరారు. నేను వచ్చేసరికి ఇరుగుపొరుగు, పాలకులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు అందరూ అందులో ఉన్నారు. చలికాలం పొద్దుల్లో ప్రపంచశాంతి దాకా వెళితేగానీ ఇంజను అంటుకునేది కాదు.

ఇలా ఉండగా బండికి ఫిట్‌నెస్ గడువు వచ్చిపడింది. బండి పదిహేనేళ్లు దాటితే ఏలూరు తీసుకెళ్లి బ్రేకినస్పెక్టరు ముందు నిలబెట్టి, ఇది ఇంకా బండేనని ఆయన్ని ఒప్పించాలి. అమ్మగారు మమ్మల్ని షెడ్డు దగ్గరికి పిలిచి తీర్పు చెప్పేశారు.

"పాసైతే సరే. అవకపోతే తుక్కుకిచ్చేసి చిన్న ట్రక్కు కొంటాను. ట్రక్కుకి అబ్బాయి ఉన్నాడు, కుర్రాడు, లైసెన్సుంది. ఏవయ్యా డ్రైవరూ, నీకు మరి..."

మిగతాది ఆవిడ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. బాబాయి కూతురు విజయవాడలో నర్సింగు చదువుతోంది, ఇంకా పూర్తి కాలేదు. ఆ వయసులో, ఈ ఒక్క బండికే అలవాటుపడ్డ మనిషిని కొత్తగా ఎవరూ పెట్టుకోరు.

"ఆయ్, అలాగేనండి," అని బాబాయి తలూపాడు. తర్వాత చాలాసేపు తుడిచిన అద్దాన్నే తుడిచాడు.

లెక్క ప్రకారం బండి ఫెయిలైతే కొత్త ట్రక్కు తాళం నాది. పాసైతే వెనక తలుపు, దాని బొప్పి నావి. అయినా స్పానర్లు పట్టుకుని బండి కిందికి దూరాను. దీన్ని త్యాగం అనుకోకండి. రోజూ బాబాయి క్యారియర్లో చేపల పులుసు సగం నాకే వచ్చేది. ఆ పులుసు అంటిన చేత్తో ఆయన ఉద్యోగం పోవాలని దణ్ణం పెట్టడం కుదరదు, వాసన పట్టేస్తుంది.

"నీ ట్రక్కుకి నువ్వే అడ్డుగోడ కడుతున్నావురా," అన్నాడు బాబాయి, పక్కన గొంతుక్కూర్చుని.

"గోడ కాదు బాబాయ్, బ్రేకు. ఆ చిన్న స్పానరు ఇలా ఇవ్వండి."

"నిజం చెప్పు. లోపల బాధగా లేదూ?"

"ఉంది. మీ సైలెన్సరు నా మొహం మీద పడేలా ఉంది. దాన్ని కాస్త పట్టుకుంటే బాధ తగ్గుద్ది."

బ్రేకుల సామాను మాత్రం కొత్తది కొనడానికి అమ్మగారు ఒప్పుకున్నారు. వెనక కుంగకుండా రబ్బరు దిమ్మలు దూర్చాం. కొంగల్ని చూసే లైట్లు రోడ్డుకి దిగివచ్చాయి. హారనుకు అసలు స్విచ్చి తెచ్చి పెట్టాం. అన్నీ అయ్యాయి అనుకున్నాక, వెళ్లాల్సిన ముందురోజు పొద్దున్న రేడియేటరు కింద నేల తడిగా కనిపించింది. చుక్క, చుక్క.

"ఏలూరులో సాయిబుగారి కొట్టుకి పట్టుకెళ్లి టంకం పెట్టిద్దామండి," అన్నాడు బాబాయి.

"ముందు పసుపు వేసి చూద్దామండి, లారీలవాళ్లు వేస్తారు," అన్నాను నేను.

అమ్మగారు మా ఇద్దరినీ జాలిగా చూశారు. "చెరువు గట్టుకి కన్నం పడితే ఏం చేస్తాం?"

"తవుడు చల్లుతామండి," అన్నాం ఇద్దరం ఒక్కసారే, బళ్లో పిల్లల్లాగా.

అది నిజమే. గట్టులో కన్నం ఎక్కడుందో కంటికి కనిపించదు. నీళ్ల మీద గుప్పెడు తవుడు చల్లి కూర్చుంటే, అది మెల్లగా తిరిగితిరిగి ఒకచోటికి చేరుతుంది. కన్నం అక్కడే. మా హేచరీలో అందరికీ తెలిసిన పద్ధతి.

"నీళ్లు ఎటు పోతే తవుడూ అటే పోద్ది. పోయి కన్నంలో కూర్చుంటుంది, ఉబ్బుద్ది, మూసేస్తుంది. చెరువైతే ఏంటి, రేడియేటరైతే ఏంటి?"

"చెరువు మరగదండి అమ్మగారూ," అన్నాను.

"నువ్వు మే నెల్లో చెరువులోకి దిగలేదు. అందుకే అలా అంటున్నావు."

ఆవిడే స్వయంగా దోసెడు తవుడు తెచ్చి రేడియేటరు మూతిలో పోశారు. ఇంజను తిప్పాం. చూస్తూ ఉండగానే చుక్క ఆగిపోయింది. అమ్మగారు మా ఇద్దరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసి లోపలికి వెళ్లిపోయారు. పోతూ పోతూ, "ఎందుకైనా మంచిది, ఇంకో దోసెడు పొయ్యండి," అన్నారు. పోశాం. ఉద్యోగం అంటే అదే కదా.

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. ఏలూరు ఇంకా కొంత దూరం ఉందనగా వేడి చూపించే ముల్లు లేచి నిలబడింది. ఇక్కడ ఒక మంచి చిట్కా ఉంది, రాసుకోండి. ఇంజను మరిగిపోతుంటే కారులోపలి హీటరు పూర్తిగా పెట్టండి, అది ఇంజను వేడిని లోపలికి లాగేస్తుంది. ఎండాకాలం ఏలూరు రోడ్డు మీద ఇది చేస్తే ఇంజను బతుకుతుంది, మీరు పోతారు. మాకు వేడిగాలితో పాటు ఒక వాసన కూడా వచ్చింది. కమ్మగా, ఉడుకుతూ, తెలిసిన వాసన.

బాబాయి ముక్కు ఎగబీల్చాడు. "ఒరేయ్, కుడితిరా ఇది."

రోడ్డు పక్కన ఆపాం. ఇంకో చిట్కా: వేడిగా ఉన్న రేడియేటరు మూత తియ్యకూడదు. నాకది తెలుసు. చాలాసేపు ఆగి, గుడ్డ వేసి, మెల్లగానే తిప్పాను. అయినా నా తెల్లచొక్కా మీద గేదెలకు ఒక పూటకు సరిపడా మేత పడింది. పక్క పాకలోంచి నీళ్లు తెచ్చి పోసి, నత్తలా పాక్కుంటూ ఏలూరులో పరీక్ష చేసే మైదానానికి చేరాం.

బ్రేకినస్పెక్టరు సన్నగా, ఇస్త్రీ మడత చెదరని మనిషి. లైట్లు చూశాడు, హారను కొట్టాడు, చుట్టూ తిరిగాడు. నా చొక్కా చూసి ఏదో అడగబోయి మానేశాడు. తర్వాత ముందు సీట్లో కూర్చుని బాబాయితో, "స్పీడుగా పోనిచ్చి, ఆ సున్నం గీత దగ్గర బ్రేకు కొట్టండి," అన్నాడు. నేను వెనక కూర్చున్నాను, వెదురు గెడను కావలించుకుని.

మైదానం అంచున గేదెలు మేస్తున్నాయి. మా బండి బయల్దేరగానే వాటిలో ఒకటి తలెత్తింది. గాలి అటే వీస్తోంది. అది మేత వదిలేసి, పుట్టింటి నుంచి కబురొచ్చిన దానిలా నేరుగా మైదానం మధ్యకి నడిచి వచ్చింది. బాబాయి సున్నం గీత సంగతి మర్చిపోయి రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. ఇనస్పెక్టరు ఫైలు డాష్‌బోర్డు కిందికి పోయింది. నేను ముందు సీటు వీపుకి అతుక్కుపోయాను. బండి గేదె ముక్కుకు జానెడు దూరంలో నిక్కచ్చిగా ఆగింది.

గేదె బెదరలేదు. ఇంకో అడుగు ముందుకేసి, బండి ముందు జాలీని తీరిగ్గా నాకడం మొదలుపెట్టింది.

ఇనస్పెక్టరు కాసేపు దాన్ని చూశాడు. "బ్రేకులు బాగున్నాయండి," అన్నాడు. "రేడియేటర్లో ఏం పోశారు?"

బాబాయి అబద్ధం చెప్పడు. అదొక్కటే ఆయనలో రిపేరుకు లొంగని లోపం. "తవుడండి."

"ఎందుకండీ?"

"కన్నాన్ని అదే వెతుక్కుంటుందనండి."

"దొరికిందా?"

"అన్నీ దొరికినయ్యండి. కన్నం కానివి కూడా మూసేసింది."

ఇనస్పెక్టరు దిగి, బానెట్టు ఎత్తించి, ఒక్క క్షణం లోపలికి చూసి, మూసెయ్యమని సైగ చేశాడు. "ఇది పెట్టుకుని రోడ్డెక్కితే మంట లేస్తుంది. ఆఫీసు మూసేలోగా బాగుచేయించి తీసుకురండి, చూస్తాను. రాకపోతే ఫెయిలని రాసేస్తాను. ముందు ఆ గేదెని తోలండి."

బాబాయి నన్ను పక్కకు లాగాడు. "అమ్మగారు మెకానిక్కు దగ్గరికి వద్దన్నారు గదరా."

"అమ్మగారు కనిపెట్టాలంటే ఆవిడ ఇక్కడ ఉండాలి బాబాయ్. లేరు. పదండి."

సాయిబుగారు రేడియేటరు విప్పి, బోర్లించి, చేత్తో తట్టాడు. రాలేదు. గట్టిగా తట్టాడు. అచ్చులోంచి దిబ్బరొట్టె జారినట్టు ఒక ముద్ద జారి నేల మీద పడింది. ఆయన గడ్డం నిమురుకుని దాన్ని అన్ని వైపుల నుంచీ చూశాడు.

"ఏవండీ, ఇది మీరు పెట్టిందా, బండే తినేసిందా?"

"ఇంట్లోవాళ్లు పెట్టారండి," అన్నాను.

"ఇంకో పూట ఉంచితే ఆవిరి కుడుమయ్యేదండి," అని గొట్టంతో నీళ్లు కొట్టి, ఒక్కో సందూ కడిగి, కన్నానికి టంకం పెట్టి, సాయంత్రం నమాజుకి లేచే ముందు బండిని మా చేతికిచ్చాడు. మేం మైదానానికి చేరేసరికి అటెండరు కిటికీలు మూస్తున్నాడు. ఇనస్పెక్టరు స్కూటరు స్టాండు తీసినవాడల్లా మళ్లీ వేశాడు. బానెట్టు ఎత్తించి, వాసన చూసి, సంతకం పెట్టాడు.

తిరుగు దారిలో బాబాయి పాట ఎత్తుకున్నాడు. నేను బేసు పాడాను. నాకు పాట రాదు, ఆయనకి ఆ పూట వినపడలేదు.

అమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"పాసైందండి!" అన్నాడు బాబాయి, బండి దిగకుండానే.

"అయిందా? శభాష్." ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యివేశారు. "ఫిట్‌నెస్ లేని బండిని తుక్కోడు తప్ప ఎవడూ కొనడు. ఉన్నదానికైతే బేరం వస్తుంది. పాసైందిగా, ఇక అమ్మేసి ట్రక్కు తెచ్చేద్దాం."

అప్పుడు మాకు అర్థమైంది. ఒళ్లు హూనం చేసుకుని మేమిద్దరం బాగుచేసింది బాబాయి ఉద్యోగాన్ని కాదు, బండిని అమ్ముడుపోయేలా తయారుచేశాం. బాబాయి తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయన నావైపు చూడలేదు. నాకూ ఆ ఒక్కసారీ జోకు రాలేదు.

వారం తిరక్కుండా తాడేపల్లిగూడెం నుంచి ఒక వంటమేస్త్రీ బేరానికి వచ్చాడు. పెళ్లిళ్లకు వంటలు చేసే మనిషి, గుండిగలూ గరిటెలూ పట్టే పొడుగు బండి కావాలట. తెల్లపంచె, తెల్లచొక్కా, భుజం మీద కండువా. అమ్మగారు ముందే బాబాయిని పక్కకు పిలిచి, "అడిగితే బాగుందని చెప్పు, చాలు," అన్నారు.

"అడిగింది చెప్తానండి," అన్నాడు బాబాయి. నేను కళ్లు మూసుకున్నాను.

మేస్త్రీ అడగనే అడిగాడు. "ఏవండీ, రోజూ నడిపేవారు మీరు గదా. బండిలో లోపం ఏవన్నా ఉందా?"

"ఉందండి. ఏది ముందు చెప్పమంటారు?"

"ఏవయ్యా!" అన్నారు అమ్మగారు.

బాబాయి మొదలుపెట్టాడు. పొద్దున్నే స్టార్టవదండి, తాళం సగం తిప్పి ఓపిగ్గా కూర్చోవాలండి. రెండో గేరు ఎదురుతిరుగుద్దండి, మూడోదాన్ని ఒకసారి పలకరించి వెనక్కి వస్తే పడుద్దండి. వానొస్తే ఎడం పక్క వైపరు ఆగిపోద్దండి, పొగాకు కాడతో అద్దం రుద్దితే నీళ్లు నిలవవండి. డీజిల్ టాంకు సగానికి పైన పోస్తే కారుద్దండి, బట్టల సబ్బు పూస్తే ఆగుద్దండి. వెనక తలుపు కింద ఎప్పుడూ నిలబడకండి. రేడియేటరు బాగుందండి, సాయిబుగారు చేసేరు.

"ఏ సాయిబుగారు?" అన్నారు అమ్మగారు.

నేను ఆకాశంలో ఏదో పిట్టను చూడాల్సి వచ్చింది.

మేస్త్రీ మాత్రం ఒక్కో లోపానికీ తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అమ్మగారండీ, గాడిపొయ్యి ఎవడైనా తవ్వుతాడు. మంట దగ్గర కూర్చునేవాడు వేరే ఉండాలి. లోపాలు దాచిపెట్టి అమ్మేవాళ్లను చూసేను గానీ, మందుతో సహా చెప్పేవాణ్ణి చూళ్లేదు. బండి తీసుకుంటాను. ఈయన్ని కూడా పంపితేనే."

"ఆయన అమ్మకానికి లేడండి," అన్నారు అమ్మగారు ఠక్కున. అనేశాక ఆవిడకే ఆ మాట ఎక్కడో తగిలినట్టుంది. కాసేపు గేటు వైపు చూసి, గొంతు తగ్గించి, "ఆయన కూతురు నర్సింగు చదువుతోందండి. అది పూర్తయ్యేదాకా మధ్యలో మానిపించనంటేనే పంపుతాను," అన్నారు.

"పెళ్లిళ్లు ఆగుతాయేంటండీ మానిపించడానికి," అన్నాడు మేస్త్రీ.

బాబాయి ఎవరి చేతిలోంచి తీసుకున్నాడో చూసుకోకుండానే తాళం తీసుకున్నాడు.

ట్రక్కు వచ్చింది, నేనే నడిపాను. తాళం తిప్పితే అంటుకునేది. తలుపు తెరిస్తే తెరిచే ఉండేది. అలాంటి బండితో మనిషికి మాట్లాడ్డానికి ఏముంటుంది? కొన్నాళ్లకు మానేశాను. నా విరమణ కథ అంతే.

బండిని పట్టుకెళ్లేరోజు బాబాయి నన్ను పక్కకు పిలిచాడు. "కొత్త ట్రక్కుని నమ్మకురా. పాతదాని జబ్బులు మనకి తెలుసు. కొత్తదానికి ఏమున్నాయో దానికే తెలీదు."

ఆయన స్టీరింగు ముందు, మేస్త్రీ పక్కన కూర్చున్నారు. బండి దర్జాగా గేటు దాకా వెళ్లి, గేటు మధ్యలో ఆగిపోయింది. కాసేపు చప్పుడు లేదు. తర్వాత మేస్త్రీ దిగి, పంచె ఎగ్గట్టి, వెనక్కి వచ్చి తొయ్యడం మొదలుపెట్టాడు. బండి కదలలేదు. నేను అలవాటుగా చెప్పులు వదిలేసి పరిగెత్తాను.

కిటికీలోంచి బాబాయి తల బయటికి వచ్చింది.

"ఒరేయ్, నువ్వు రాకు! ఆయన నేర్చుకోవాలి."